మెల్లాహుశబ్దము - ఫేజునగరమందలి యూదుల వాడ చరిత్రము

ఆఫ్రికాఖండమునకు వాయవ్యకోణమున నున్న మొరాకో దేశమందు యూదులు నివసించిన పురభాగమునకు మెల్లాహు అని పేరు. మర్రాకేషునందును, మెక్నేసునందును, రబాతునందును, అట్లాసు పర్వతములలోని పల్లెలయందును గూడ యూదుల వాడకు నిదియే వ్యవహారము. ఈ శబ్దమునకు అరబ్బీభాషలో ఉప్పుతో సంబంధము గలదు. ఈ సంబంధమును బట్టి యొక కథ పుట్టి, యాత్రికుల పుస్తకములందును, పరదేశులకు ఊరు చూపువారి నోళ్లయందును నేటికిని వినబడుచున్నది. సుల్తానునకు ఎదురు తిరిగి చంపబడినవారి శిరస్సులను కోటగుమ్మములపై వ్రేలగట్టుటకు ముందు, అవి కుళ్లకుండ ఉప్పులో ఊఱవేయు పని యూదులకు విధింపబడె ననియు, అందువలననే వారి వాడకు ఉప్పుపేరు వచ్చె ననియు ఆ కథ. కథ క్రూరమైనది, అందుచేతనే చెవి కెక్కినది. కాని పేరు విషయమున నది సత్యము గాదు. ఈ పేరు మొదట బుట్టిన ఫేజునగరమందలి వాడ చరిత్రమును క్రమముగా బరిశీలించినచో, పేరు ముందుండె ననియు, యూదులు తరువాత వచ్చి రనియు తేటపడును.

ముందు శబ్దరూపమును జూతము. అరబ్బీధాతువులు ప్రాయికముగా మూడేసి హల్లులు గలవి. మ-ల-హ అను మూడు హల్లులు ఉప్పును దెలుపును. హీబ్రూభాషయందును ఉప్పు మెలహ్ అనియే యనబడును. రెండు భాషలును నొక కుటుంబమునకు జెందినవి. ఈ మూటిలో నడిమి హల్లును ద్విరుక్తము జేసి, దానిపై దీర్ఘాకారము నుంచినచో మల్లాహ్ అను రూపము సిద్ధించును. మొరాకో వాడుకయందు మెల్లాహు అని యుచ్చరింతురు. ఈ రూపము తఱచుగా వృత్తిని జెప్పును. ఖుబ్జ్ అనగా రొట్టె, ఖబ్బాజ్ అనగా రొట్టెలు కాల్చువాడు. ఆ రీతినే మల్లాహ్ అనగా ఉప్పు చేయువాడు, ఉప్పు అమ్మువాడు. దీనికే స్త్రీప్రత్యయము చేరి మల్లాహా అయినచో ఉప్పుకొటారు అని యర్థము. కాబట్టి ఊఱవేయువారి వాడ యను నర్థము రూపమునుబట్టి బొత్తిగా అసాధ్యమని త్రోసివేయ వీలులేదు. కథకు బలము చేకూర్చిన దిదియే. నావికునకును మల్లాహ్ అనియే పేరు. ఉప్పునీటిపై దిరుగువాడు గనుక నా పేరు వచ్చె నని చెప్పుట గలదు. కాని నావికవాచకము సుమేరుభాషనుండి అక్కాదీయమునకును, అచటనుండి తక్కిన భాషలకును వ్యాపించిన వేఱొక పదము. ధ్వని యొకటియైనంత మాత్రమున మూల మొకటి కానేరదు. ధాతుప్రత్యయములు పొసగినంతనే వ్యుత్పత్తి సిద్ధించిన దనుకొనువారు ఈ యొక్క యుదాహరణమును స్మరింపవలెను.

శబ్దము నిష్పన్నమగుటకు గల నిమిత్తము వేఱు, అది ప్రవర్తించుటకు గల నిమిత్తము వేఱు అని మన శాస్త్రకారులు విభజించిరి. పోవునది యను నర్థమున గోశబ్దము సిద్ధించినను, పడుకొని యున్న యావును గోవు గాదని యెవ్వరు ననరు. దర్భలు గోసి తెచ్చువానినుండి వచ్చినను కుశలుడన నేడు నేర్పరియే. సింధుదేశమున దొరకుటచే లవణమునకు సైంధవమని పేరు గలిగినది. అచట దేశమునుండి ఉప్పునకు బేరు వచ్చెను. ఫేజునందు దీనికి విపర్యాసముగా ఉప్పునుండి యొక తావునకును, తావునుండి అచట జేరిన జనుల నివాసమునకును బేరు సంక్రమించినది. నడుమనున్న తావును మఱచి జనులను ఉప్పుతో నేరుగా ముడివేయుటయే శిరస్సుల కథకు మూలము.

ఫేజునగరము అదే పేరు గల యేటి గట్టుల వెలసినది. ఇద్రీసు వంశమునకు మూలపురుషుడైన మొదటి ఇద్రీసు 789లో నొక గట్టునను, అతని కుమారుడు రెండవ ఇద్రీసు 809 ప్రాంతమున నెదుటి గట్టునను ఊళ్లు గట్టించిరి. 818లో స్పెయిను దేశమందలి కొర్డోబానుండి వెడలగొట్టబడినవారు తూర్పుగట్టున జేరిరి. ట్యునీసియాలోని కైరవానునుండి వచ్చినవారు పడమటిగట్టున స్థిరపడిరి. అందలూసుల గట్టు, కైరవానీల గట్టు అను పేళ్లు నేటికిని గలవు. పదునొకండవ శతాబ్దమున అల్మొరావిదు రాజులు ఈ రెంటిని నొక ప్రాకారములోనికి దెచ్చిరి. ఇది పాత ఫేజు. అరబ్బీలో ఫేజు అల్ బాలీ.

ఈ పాత నగరమందు తొలి శతాబ్దములనుండియు యూదులు గలరు. కైరవానీల గట్టున నుత్తరభాగమందు వారు విశేషముగా నివసించిన తావునకు ఫుందుక్ అల్ యహూదీ అని పేరు. ఫుందుక్ అనగా వర్తకులు సరకుతో విడియు సత్రము. కావున యూదుని సత్రమని యర్థము. ఇచట వారు గోడలలో బంధింపబడినవారు గారు.

ఆ కాలపు యూదులలో శాస్త్రపరిశ్రమ మెంత గొప్పదో చెప్పుటకు వ్యాకరణ మొక్కటియే చాలును. పదవ శతాబ్దమున ఫేజువాడగు దావీదు బెన్ అబ్రహాము అల్ ఫాసీ హీబ్రూ వేదమందలి పదములకు అరబ్బీలో నొక మహానిఘంటువును గూర్చెను. ఆతడు ధాతువు లొక హల్లుతోను, రెండు హల్లులతోను గూడ నుండు నని తలచినవాడు. ఆ శతాబ్దముననే ఫేజునందు జన్మించి కొర్డోబాకు బోయిన యెహూదా హయ్యూజు ఈ మతమును బడద్రోసెను. కొన్ని క్రియలయందు రెండే హల్లులు కనబడుట దుర్బలాక్షరములు లోపించుటవలననో మాఱుటవలననో కలిగిన దనియు, కనబడకున్నను అవి ధాతువునం దుండి తీరు ననియు, హీబ్రూక్రియాధాతువులకు మూడు హల్లులు నియత మనియు నతడు స్థాపించెను. పాణినీయమునందు లోపమన నేమియో ఎఱిగినవారికి ఈ సిద్ధాంతము క్రొత్తగా దోపదు. కనబడకపోవుట లేకపోవుట గాదు. అరబ్బీ వైయాకరణుల మార్గమున నడచి హయ్యూజు చెప్పిన యీ మాటపైననే పిమ్మటి హీబ్రూవ్యాకరణ మంతయు నిలిచినది. ధర్మశాస్త్రమున ప్రసిద్ధుడైన ఐజాకు అల్ ఫాసీ (1013-1103) ఈ నగరమందే బహుకాలము పాఠము చెప్పి, 1088లో స్పెయినునకు బోయెను. తత్త్వవేత్తయగు మైమోనిదీసు 1160 మొదలు 1165 వఱకు నిచట నివసించెను.

ఇక వాడ కథకు వత్తము. 1276లో మరీనీ వంశపు సుల్తాను అబూ యూసుఫ్ యాకూబు పాత నగరమునకు బడమట, ఎగువ నేలపై, తన కొఱకును సైన్యము కొఱకును క్రొత్త రాజధానిని గట్టించెను. అది ఫేజు జదీద్, అనగా క్రొత్త ఫేజు. ఆ యేటనే పాత నగరమున యూదులపై జనులు దొమ్మిగా విఱుచుకొనిపడగా సుల్తాను స్వయముగా నడ్డగించెను. క్రొత్త నగరమునకు దక్షిణమున హిమ్సు అను భాగము గలదు. సిరియాలోని నగరము పేరది. అందు కూలికి వచ్చిన విలుకాండ్రు మున్నగువారు విడిసి యుండిరి. ఈ హిమ్సు ఉన్న తావునకే మెల్లాహు అని పేరు. నేల చవిటిది, నీరు ఉప్పనిది యగుటచే వచ్చె నని కొందఱును, ఉప్పు నిలువచేసిన తావగుటచే వచ్చె నని కొందఱును జెప్పుదురు. రెంటిలో నేది నిజమైనను ప్రకృతమునకు హాని లేదు. ఆ పేరు వచ్చునప్పటికి యూదు లచట లేరు. సిపాయిల గుడిసెలు గలవు.

యూదులు పాత నగరమునుండి యిచటికి దరలింపబడిన కాలము 1438 అని వారి చరిత్రకారుల సంప్రదాయము. ఒక్కమాఱు గాక క్రమముగా వచ్చి రని తలచు పరిశోధకులును గలరు. ఏది యెట్లున్నను కారణము దోచుచునే యున్నది. అంతకు ముందటి యేట, 1437లో, పాత నగరము నడుమ రెండవ ఇద్రీసు సమాధి బయల్పడె నని ప్రకటింపబడెను. ఆ పరిసరములు పవిత్రక్షేత్రములయ్యెను. అంగళ్లుగల యూదు లచట నుండుట పొసగకపోయెను. కొందఱు తమ యంగళ్లను వదలలేక ఇస్లామును స్వీకరించి పాత నగరముననే నిలిచిపోయిరి. తక్కినవా రిండ్లను విడిచి ఉప్పునేలకు నడచిరి. యూదుల చరిత్రములు దీనిని ప్రవాసముగానే వర్ణించినవి. రాజకోటకు జేరువను నుండుట రక్షణ మని చెప్పినను చెప్పవచ్చును. సుల్తానుకు వారు పన్ను చెల్లించువారు, ధనము సమకూర్చువారు. కనుచూపులో నుండుట అతనికిని లాభమే. కాని రాజు నీడన నున్నవాడు రాజు కూలునాడు తానును గూలును. 1465లో చివరి మరీనీ సుల్తాను అబ్దుల్ హక్కు తిరుగుబాటున జంపబడినప్పుడు అతని యూదుమంత్రి హారూను హతుడయ్యెను. మెల్లాహులో బహుజనము మడిసిరి.

1492లో స్పెయిను రాజదంపతులు తమ దేశమందలి యూదులను వెడలగొట్టగా వేలకొలది జనులు ఫేజునకు జేరిరి. తొలి యేండ్ల అగ్నిభయము, ఆకలి, తెగుళ్లు సైచి నిలిచినవారు వాడ రూపమునే మార్చివేసిరి. వచ్చినవారిని మెగొరాషీములు, అనగా వెడలగొట్టబడినవారు, అనియు, పూర్వమునుండి యున్నవారిని తోషావీములు, అనగా కాపురస్థులు, అనియు వ్యవహరించిరి. దేవు డొక్కడే, గ్రంథ మొక్కటే, వాడ యొక్కటే. అయినను ప్రార్థనామందిరములు వేఱు, ఆచారములు వేఱు. పశువును వధించిన పిమ్మట ఊపిరితిత్తుల నూది పరీక్షించుట చెల్లునా చెల్లదా యని యేండ్ల తరబడి వివాదము సాగెను. చూచువారికి అల్పముగ దోచు విషయము. కాని అది చెల్లనివానికి ఎదుటివాని యింట భోజనము చెల్లదు గదా. కాపురస్థుల పక్షమున హయీము గగ్వీను దీనిపై నొక గ్రంథమునే వ్రాసెను. వలసవచ్చినవారు 1494 మొదలు వివాహము, దాయభాగము మున్నగువానిపై కట్టుబాట్లు వ్రాసికొనిరి. మొదట కాస్తిలీయభాషలోను, పిమ్మట హీబ్రూలోను నున్న ఈ శాసనములు తరువాతి కాలమున మొరాకో యూదుల కెల్ల ప్రమాణములైనవి. 1871లో ఇటలీయందలి లివోర్నోలో నచ్చుపడినవి.

అచ్చు అన్నచో నింకొక విశేషము చెప్పవలెను. 1516లో సామ్యూలు నెదీవోతును, అతని కుమారుడు ఐజాకును ఫేజునందు హీబ్రూ ముద్రాశాల నెలకొల్పి అబుదర్హామను ప్రార్థనావ్యాఖ్యానమును ముద్రించిరి. ఆఫ్రికాఖండమున నచ్చయిన మొదటి పుస్తకముగా దీనిని లెక్కింతురు. ఆ 1516వ సంవత్సరముననే వెనీసు ప్రభుత్వము యూదులను నొక చిన్నదీవిలో గోడల నడుమ నుంచెను. అచట మునుపు లోహమును బోతపోయు కర్మశాల యుండుటచే ఆ దీవికి గెత్తో అని పేరు. ఇదియే పిమ్మట యూరోపునం దెల్లెడల యూదుల వాడకు సామాన్యనామ మయ్యెను. పోతపోసినవారు యూదులు గారు. ఉప్పు పోసినవారును యూదులు గారు. రెండు దేశములయందును తావుపేరు జాతివాచక మైన మార్గ మొక్కటే.

మెల్లాహు పేరు జాతివాచకమైన క్రమము స్పష్టముగా గానవచ్చును. ఫేజునందు అది కేవలము స్థలనామము. 1557 ప్రాంతమున సాదీ సుల్తాను మర్రాకేషునందు రాజకోటప్రక్కనే యూదులకు వాడ యేర్పఱచినప్పుడు, అచట ఉప్పునేల లేకున్నను, ఫేజు వాడను బోలినది యను భావమున అదే పేరు పెట్టబడెను. పదునేడవ శతాబ్దమున మౌలాయి ఇస్మాయీలు మెక్నేసునందును, 1807లో మౌలాయి సులైమాను రబాతు, సలే, తెతువాను మున్నగు రేవునగరములందును మెల్లాహులు నిర్మించిరి. తుదకు గోడలును గుమ్మములును లేని కొండపల్లెలలో యూదుల యిండ్లు నాలుగు గలచోటికిని ఈ పేరే చెల్లెను. ఉప్పు సంబంధ మిప్పుడు బొత్తిగా మఱుగుపడెను. అప్పుడే కథ యవసరమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దపు యూరోపీయ యాత్రికులు కొందఱు, శత్రువుల శిరస్సులను యూదులచే నుప్పు వేయించుటను గూర్చి వ్రాసి యున్నారు. అట్టి నీచసేవ వారిచే బలవంతముగా జేయించుట జరిగి యుండవచ్చును. దాని ననుమానింప బని లేదు. అయినను నాలుగు శతాబ్దములకు పూర్వమే యున్న పేరునకు దానిని కారణముగా జెప్పుట పౌత్రుడు పితామహుని గన్నట్లుండును. జరిగిన యవమానము చాలదని పేరులోనే యవమాన మున్నదని పాఠశాలలలో బాలురకు జెప్పుట తగదు.

వాడలోని బ్రతుకు రెండు తీరులుగా నుండెను. రాత్రులు గుమ్మములు మూయబడును. వాడ దాటి ముసల్మానుల వీథులలో నడచునపుడు యూదులు చెప్పులు విడువవలసి యుండెను. వాడలోపల మాత్రము తమ న్యాయాధికారులు, తమ పాఠశాలలు, తమ పన్నులపంపకము. బంగారుపని, వెండిపని, బంగారుజరీ తీయుట వారి ముఖ్యవృత్తులు. పాత నగరపు పెండ్లిండ్లలో మెఱసిన నగలును జలతారును విశేషముగ వారి చేతిపనియే. ఇండ్లకట్టడముకూడ వేఱు. పాత ఫేజునందలి గృహములు వీథికి గోడను మాత్రము చూపి, లోపలి ముంగిలివైపు దెఱచుకొని యుండును. మెల్లాహు ప్రధానవీథిలో నిండ్ల మీదియంతస్తులకు వీథివైపు కిటికీలును, చెక్కడపు కొయ్యపనిగల వసారాలును గలవు. చోటు చాలక ఇండ్లు పైపైకి లేచినవి. జనము పెరిగినను గోడలు పెరుగలేదు గదా.

1790లో మౌలాయి యజీదు యూదుల నందఱిని వాడనుండి వెడలించి నగరము వెలుపలి షరార్దా కోటకు దోలి, వాడలో మసీదు గట్టించెను. 1792లో అతడు చనిపోయిన పిమ్మట వారు మరలి వచ్చిరి. 1834లో టాంజియరు పట్టణపు యూదుకన్య సోల్ హచ్వేలు, ఇస్లామును స్వీకరించి మరల వదలిన దను నేరము మోపబడి, ఒప్పుకొననందున ఫేజునందు శిరచ్ఛేదము నొందెను. ఆమె వయస్సు పదునేడేండ్లు. ఆమె సమాధిని యూదులేగాక ముసల్మానులును దర్శించి మ్రొక్కుచుండిరి.

1912 మార్చి 30వ తేదీని ఫేజునందు జరిగిన సంధిచే మొరాకో ఫ్రెంచివారి రక్షణకు లోబడెను. ఏప్రిలు 17వ తేదీని సుల్తాను సైనికులు తిరుగబడి ఫ్రెంచి అధికారులను జంపిరి. దొమ్మి మెల్లాహుమీదికి మరలెను. అంతకు గొలది దినముల ముందే యూదుల యాయుధములు తీసికొనబడి యుండెను. నలువదిమందికి బైగా జనులు చనిపోయిరి. ఇండ్లు దోచబడి కాల్పబడినవి. తిరుగుబాటుదారులపై ఫ్రెంచివారు కాల్చిన ఫిరంగులును వాడకు నష్టము గలిగించినవి. సుల్తాను అబ్దుల్ హఫీజు తన ప్రాసాదపు ద్వారములు దెఱపించెను. వేలకొలది జనము అతని జంతుశాల యావరణమున దలదాచుకొనిరి. ఖాళీబోనులలో కాపురమున్న కుటుంబముల ఛాయాచిత్రములు నేటికిని గలవు.

ఆ పిమ్మట ఫ్రెంచివారు నగరము వెలుపల క్రొత్త పట్టణము గట్టగా, ధనము గలవారు అచటికి దరలిరి. 1948లో ఇజ్రాయేలు ఏర్పడుటయు, 1956లో మొరాకో స్వతంత్ర మగుటయు, 1967 యుద్ధమును ఒకదానివెంట నొకటి రాగా, యూదులలో బెక్కుమంది ఇజ్రాయేలునకును, ఫ్రాన్సునకును, కెనడాకును బోయిరి. ఫేజునందు మిగిలిన కొలదిమందియు క్రొత్త పట్టణమున నున్నారు. మెల్లాహు గృహములలో పల్లెలనుండి వచ్చిన ముసల్మాను కుటుంబములు కాపురమున్నవి. 1981లో ఫేజు పాతనగరము ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థచే ప్రపంచవారసత్వముగా బరిగణింపబడెను. పదునేడవ శతాబ్దపు ఇబ్ను దనాను మందిరము 1999లో బాగుచేయబడెను. కాపురస్థుల వంశీయులది యగు స్లాత్ అల్ ఫాసియ్యీను మందిరము కొంతకాలము తివాచీలు నేయు చోటుగాను, ముష్టియుద్ధశాలగాను నుండి, 2013లో మరల దెఱువబడెను.

వాడకు నైరృతిదిశను తెల్లసున్నము పూసిన సమాధులు వాలుమీద దొంతరలుగా నున్నవి. మెల్లాహులో యూదులు లేరు, పేరు పోలేదు. ఇది క్రొత్తసంగతి గాదు. పాత నగరమున యూదుని సత్రమను తావును వారు విడిచి ఆఱువందల యేండ్లు కావచ్చినను, ముసల్మానులే కాపురమున్న ఆ పేటను ఫేజువాసులు ఇప్పటికిని యూదుని సత్రమనియే పిలుచుచున్నారు.